డీజిల్ మీద పూలతీగ

స్టిక్కర్ వెనక కాగితం ఊడదీసేటప్పుడు చర్రుమని చప్పుడవుతుంది. రోజుకు నూరుసార్లు వినే చప్పుడే. అయినా ఒక్కోసారి చేతులు ఆగిపోతాయి, రాజేశం కాకా గుర్తొస్తాడు.

సూరత్‌లో మా నాన్నతోపాటు మగ్గాలు నడిపిన కరీంనగర్ మనిషి. మగ్గం వదిలేసి అదే ఊళ్ళో కతర్‌గామ్‌లో బళ్ళ స్టిక్కర్ల దుకాణం పెట్టాడు. కార్ల ఇంధనం మూతల మీద పెట్రోల్, డీజిల్ అని అందంగా రాసి అంటించే స్టిక్కర్లు అక్కడ బాగా పోయేవి. చీరల మిల్లులో అంచులు గీసే నన్ను డిజైన్లకు పెట్టుకున్నాడు. నాకేమో పువ్వు లేనిదే గీత సాగేది కాదు. కాకాది ఒకటే పట్టు. కొత్త డిజైన్ ఏదైనా దుకాణం ముందు వేలాడే పాత కారు మూతకు అంటించి, రోడ్డు దాటి అవతలినుంచి అక్షరాలు తెలుస్తున్నాయా అని చూడాలి. ఆ తర్వాతే గిరాకీకి ఇవ్వాలి.

మల్లేశం కూడా మగ్గం మానేసినవాడే. ఉన్నదంతా పెట్టి డీజిల్ కారు కొని, బడిపిల్లలను తిప్పేవాడు. అతని బండికి 'డీజిల్' అక్షరాల చుట్టూ బంగారు రంగు తీగ అల్లాను. చూసుకుని నేనే మురిసిపోయాను.

"చూసినవా బిడ్డా?" అన్నాడు కాకా.

"చూసిన కాకా," అన్నాను. చూడలేదు. ఎండలో రోడ్డు దాటడానికి బద్ధకించాను, అంతే.

నాలుగు రోజులకు మల్లేశం చెమటలు కక్కుతూ వచ్చాడు. "గిదేం స్టిక్కరే కాకా? నేను నీళ్ళు తాగొచ్చేలోపు పంపోడు పెట్రోల్ కొట్టిండు. కిమ్ ఊరు దాటంగనే బండి ఆగింది. రేపు పోకుంటే పిల్లల ట్రిప్పు వేరేటోనికి ఇస్తరు!"

"మా పొల్ల రోడ్డు దాటి చూసింది. అది అబద్ధమాడదు. పంపోడే చూస్కోలే," అన్నాడు కాకా.

తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు. "నేను చూడలే కాకా. అబద్ధం చెప్పిన," అన్నాను.

ఆయన మేకుకు వేలాడుతున్న తన వ్యాన్ తాళంచెవి తీసి మల్లేశం చేతిలో పెట్టాడు. "నీ బండి బాగయ్యేదాక ఇది నడుపు. రిపేరు మాది." నావైపు తిరిగి, "తీగ మంచిగనే గీసినవ్. గని అక్షరాన్ని మింగనియ్యకు," అన్నాడు. అంతకుమించి ఆ రోజే కాదు, ఎప్పుడూ ఏమీ అనలేదు.

మర్నాడు రోడ్డు దాటి చూసొచ్చాకే కొత్త డిజైన్ ఇచ్చాను. "చూసినవా బిడ్డా?" అన్నాడు, ఎప్పటిలాగే.

"చూసిన."

తలెత్తి నా ముఖం కూడా చూడకుండా కటింగ్‌కు పెట్టేశాడు. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను.

కాకా పోయి చాలా కాలమైంది. ఇప్పుడు సూరత్‌లోనే వరాఛాలో నా దుకాణం ఉంది, ఇద్దరమ్మాయిలు పనిచేస్తారు. వాళ్ళు ఎన్నడూ నాతో అబద్ధమాడలేదు. అయినా "చూశాం అక్కా" అనగానే లేచివెళ్ళి నేనొకసారి చూసుకుంటాను. కాకా అంత మనిషిని నేనింకా కాలేదు.