సువార్తమ్మ పిన్ని కొండెక్కించిన రోజు

బ్యాటరీని సైకిల్ చట్రంలోకి దించి కొంచెం అదిమితే టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఈ ఉదయం కాశీబుగ్గలో మా వాకిట్లో ఆ చప్పుడు విన్నాను. వీధి చివర జీడి పిక్కలు కాలుస్తున్న ఘాటు వాసన. మంచుకు తడిసిన సీటు. పక్కింటి వరండాలో ఎవరూ కూర్చోని ప్లాస్టిక్ కుర్చీ. ఆ టక్కుతో పాటే, "ఏటి, సరిగ్గా కూకుందా? లాగి సూడు" అన్న గొంతు కూడా వినిపించింది. వినిపించింది అంటున్నాను కదా అని దెయ్యమనుకోకండి. చెవికి కూడా అలవాటు ఉంటుంది. ముప్పై ఏళ్ళకు పైగా విన్న గొంతును అది అంత తొందరగా వదులుకోదు. ఆ గొంతు మా సువార్తమ్మ పిన్నిది.

పిన్ని ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. మా అమ్మ ఆమెను చెల్లీ అని పిలిచేది కనక నాకు పిన్ని అయింది. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని బాప్టిస్టు చర్చికి వెళ్ళేది, రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేది. నేనేమో దేవుడు, దెయ్యం, జాతకం, ముహూర్తం అన్న మాటలు వినబడితే కలం తీసే మనిషిని. అలాంటివాడికి మొదటి గురువు ఒక భక్తురాలని చెబితే మా హేతువాద మిత్రులు నవ్వుతారు. నవ్వనీ. జరిగింది చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

నేను చిన్నపిల్లవాణ్ణిగా ఉన్నప్పుడు, మా జీడితోటలో మిట్టమధ్యాహ్నం దెయ్యం మూలుగుతుందని పుకారు పుట్టింది. నేను ఆ వార్తను పరుగెత్తుకుంటూ వెళ్ళి పిన్నికి చెప్పాను.

"సూసేవా?" అంది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

"నేదు. అందరూ అంతన్నారు."

"అందరూ సూసేరా?"

"సూడనేదు. ఇన్నారంట."

"అయితే పద, మనమూ ఇందాం."

చేట పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని, ఆ ఎండలో తోటలోకి తీసుకెళ్ళింది. మూలుగు నిజంగానే వచ్చింది. నేను ఆమె చీరకొంగు వెనక దాక్కున్నాను. ఆమె నేరుగా మోటారు షెడ్డు దగ్గరికి వెళ్ళి పైకి చూసింది. ఎండుకొమ్మ ఒకటి గాలికి రేకు మీద రాసుకుంటోంది. దాన్ని విరిచి నా చేతిలో పెట్టి, "ఇదిగో నీ దెయ్యం. ఇంటికి తీసుకెల్లు, పొయ్యిలోకి పనికొత్తాది" అంది. ఆ రాత్రి మా ఇంట్లో దెయ్యంతో అన్నం వండారు. నా హేతువాదం ఆ పొయ్యి దగ్గర మొదలైంది.

పెద్దయ్యాక ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుని వాదసభల్లో చెలరేగిపోయాను. "మీరు చూశారా?" అని వేలు చూపించి అడిగితే ఎంత పెద్ద పండితుడైనా గొంతు సవరించుకోవలసి వచ్చేది. ఒకరోజు ఆ వేలును పిన్ని వైపే తిప్పాను. "దేవుణ్ణి నువ్వు చూశావా పిన్నీ?" అన్నాను. ఆమె ఏమాత్రం తడుముకోలేదు. "నేదు. అందికే కదరా నీకు దేవుడి గురించి సెప్పను. నాకు తెలిసింది ఇంజెక్షను. కావాలంటే అది సెప్తాను" అంది. 

కొన్నేళ్ళ కిందట టెక్కలిలో సైకిల్ షాపున్న జోగారావు, లావు టైర్ల ఎలక్ట్రిక్ సైకిళ్ళు కొన్ని అద్దెకు తెచ్చి పెట్టాడు. రాళ్ళ మీదా, ఇసుకలోనూ, కొండదారుల్లోనూ నడిచే రకం. తొక్కుతుంటే మోటారు సాయం చేస్తుంది. ఎంత సాయం కావాలో హ్యాండిల్ దగ్గర మీట నొక్కి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, అసలు వద్దనుకోవచ్చు. పిన్ని ఒక ఆదివారం దాని మీద చర్చికి వెళ్ళింది. ఆ రోజు ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కలేదని పాస్టరుగారే తర్వాత నవ్వుతూ చెప్పారు. వారం తిరక్కుండా ఆమె ఇంకో మాట తెచ్చింది. అందరం కలిసి ఈ సైకిళ్ళ మీద మందస కొండల అడవిదారి ఎక్కాలి. అందరం అంటే జోగారావు, అతని టెక్కలి కుర్రాళ్ళు, నేను, తను. ఇంకా కూర్మారావు.

కూర్మారావు పేరు వినగానే పిన్ని వరండాలో ఉన్నవాళ్ళం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అతను వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి రైతు, నాకు వరసకు బావ. మూత్రపిండాలు చెడుతున్నాయని రిపోర్టు వచ్చిన రోజు నుంచీ మంచం దిగడం మానేశాడు. జబ్బు ఇంకా ముదరలేదు, మందులతో నడుస్తోంది. మనిషిని మంచాన పడేసింది మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళ నోళ్ళు. పరామర్శకు వచ్చినవాళ్ళు అతని ఎదుటే, "ఎంత హుషారుగా ఉండేవోడు" అంటూ అతన్ని గతంలోకి నెట్టేసేవారు. ఒక పెద్దమనిషి అయితే పోయిన జన్మ పాపమన్నాడు. మా ఉద్దానం ఊళ్ళలో ఈ జబ్బుకు కారణం ఏమిటో చదువుకున్నవాళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఆ వెతుకులాట కష్టం కనక పాపం అనే సోమరి మాట పుట్టింది. దానికి ప్రయోగశాల అక్కర్లేదు, పడక్కుర్చీ చాలు. ఆ పెద్దమనిషితో పిన్ని అన్న మాట నేను పక్కనుండి విన్నాను: "తెలీదు అనడానికి సిగ్గెందుకు బాబూ? మా పెద్ద డాక్టర్లే అంతన్నారు, తెలీదని."

ఏం చేయాలని ఉందని పిన్ని అడిగితే కూర్మారావు పైకప్పు చూస్తూ చెప్పాడట. వయసులో ఉన్నప్పుడు మామూలు సైకిల్ మీద కొబ్బరికాయలు వేసుకుని కొండ సంతకు వెళ్ళేవాడు. పైనుంచి సముద్రం కనిపించేది. అది ఇంకోసారి చూడాలని ఉంది. డాక్టరు అనుమతి ఇచ్చారు గాని షరతు పెట్టారు: మోటారు సాయంతోనే నడపాలి, అతను ఒళ్ళు అలిసేలా తొక్కకూడదు, తోయకూడదు. అలిసే పరిస్థితి వస్తే అక్కడి నుంచే వెనక్కి తేవాలి.

జోగారావు పెదవి విరిచాడు. "మోటారెట్టుకుని ఎక్కితే ఎక్కినట్టేటి పిన్నీ? అది మోసం కదేటి?"

నేను కూడా అతని పక్షమే తీసుకున్నాను. మనిషి తన కాళ్ళ మీద తాను నిలబడాలి, అరువు బలం ఆత్మగౌరవానికి చేటు అంటూ ఒక చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. పిన్ని మొత్తం విని, లేచి, నా ముక్కు మీది కళ్ళద్దాలు తీసేసింది.

"ఎదురుగోడ మీద ఏటి రాసుందో సదువు."

నాకు గోడే సరిగ్గా కనబడటం లేదు.

"మరి నువ్వు ఇన్నాళ్ళూ సదివిందంతా మోసమేటి?"

జోగారావు పకపకా నవ్వాడు. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాననుకుంటాను. ఆ రోజు నుంచి నేను స్వశక్తి గురించి ఉపన్యాసం వింటే చెప్పేవాడి మోటారు ఎక్కడుందో వెతుకుతాను. తాత ఇచ్చిన పొలం, మామ ఇప్పించిన ఉద్యోగం, పుట్టిన కులం పరిచిన దారి, ఇవన్నీ మోటార్లే. చప్పుడు చెయ్యవు, అందుకని లేవనుకుంటాం. చప్పుడు వినబడే మోటారు బలహీనుడి దగ్గర కనిపిస్తే చాలు, మోసం మోసమని గోల పెడతాం.

ఆమె ఏర్పాట్లు ఆసుపత్రి వార్డు నడిపినట్టే సాగాయి. అటవీ శాఖ అనుమతికి ఇద్దరం వెళ్ళాం. అక్కడి ఉద్యోగి ఆమె తెల్లజుట్టు చూసి, "ఈ వయసులో మీకెందుకమ్మా ఇయ్యన్నీ?" అన్నాడు. "ఈ వయసులోనే కాళీ దొరికింది బాబూ, అంతకుముందు డూటీ" అంది. అతను నవ్వి సంతకం పెట్టాడు. తర్వాత తోటల ఇసుకలో మాకు సాధన చేయించింది. పడి లేచిన ప్రతివాడి మోకాలికీ తనే దూది పెట్టింది. పెట్టిన నియమం ఒక్కటే: అందరికంటే నెమ్మదిగా వెళ్ళేవాడు ముందుండాలి, ఎవరూ అతన్ని దాటకూడదు. టెక్కలి కుర్రాళ్ళు గొణిగారు. "గొనుక్కోండి, గాని ఎనకాలుండి గొనుక్కోండి" అంది.

చలికాలపు ఉదయం మందస దాటి అడవిలోకి ఎక్కాం. ఎర్రమట్టి, మధ్యలో కొండవాగు కోసిన గండ్లు, దారికి అడ్డంగా చెట్ల వేళ్ళు, రెండు పక్కలా వెదురు. పిన్ని అతని రక్తపోటు చూసి సరేనన్నాకే కూర్మారావు సైకిలెక్కాడు. అతనే ముందు. నేను మాత్రం కళ్ళద్దాల పాఠం విన్నాక కూడా ఒక పంతం మిగుల్చుకున్నాను. కూర్మారావుకు మోటారు న్యాయమే, నాకెందుకు? మీట సున్నా మీద పెట్టి తొక్కాను. ఆ సైకిల్ ఇనుప మంచమంత బరువు. ఎత్తు మొదలైన చోటల్లా దిగి తోసుకుంటూ, కోరి తెచ్చుకున్న నెమ్మది పిన్ని నియమం కిందికి రాదని సరిపెట్టుకుని, అందరి వెనక వచ్చాను.

సగం దారిలో వాగు దగ్గర ఆగాం. కూర్మారావు దిగి హ్యాండిల్ వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు. వెనకవాళ్ళకు ఆలస్యమవుతుందని సిగ్గుపడి, మొదటి నుంచీ మోటారు పూర్తి వేగంలో పెట్టి వచ్చాడు. బ్యాటరీ ఒక్క గీతకు దిగిపోయింది. అసలు ఏటవాలు ఇంకా ముందుంది. జోగారావు, అతని కుర్రాళ్ళు అడవి మొదలు కాకముందే రోడ్డు మీద పందేలు వేసుకుని తమ బ్యాటరీలు సగానికి పైగా తాగేశారు. పిన్నిది కూడా అంతంత మాత్రమే.

కూర్మారావు రాతి మీద కూర్చున్నాడు. "నానిక్కడే ఉంతాను. మీరెల్లి సూసి రండి" అన్నాడు. అందులో కోపం లేదు. మంచం మీద పడుకుని మాట్లాడే గొంతు అది. అంతదూరం కొండకు వచ్చిన మనిషి, మా కళ్ళ ముందే మళ్ళీ ఆ మంచం మీదికి వెళ్ళిపోతున్నాడు. 

అప్పుడు పిన్ని నా వైపు తిరిగింది. "నీదెంతుంది?"

"ముట్టుకోలేదు పిన్నీ" అన్నాను, రొప్పుతూనే, కొంచెం గర్వంగానే.

"మంచి పని సేసేవు. ఇల్లా తే."

తాళం తిప్పి నా సైకిల్ నుంచి నిండు బ్యాటరీ లాగింది. కూర్మారావు సైకిల్లో దించి అదిమింది. టక్. తెరమీద గీతలన్నీ ఒక్కసారి వెలిగాయి. "ఏటి, సరిగ్గా కూకుందా? లాగి సూడు" అంది. కూర్మారావు లాగి చూశాడు. తర్వాత తల ఎత్తాడు.

ఒక్క గీత మిగిలిన బ్యాటరీ నాకు వచ్చింది. "ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?" అని గుసగుసగా అడిగాను. "బేటరీ సంగతి తెలీదు. నీ పంతం సంగతి తెలుసు" అంది. ఆ వెంటనే గొంతు పెంచి, "రూలు రూలే. ఇప్పుడు అందరికంటే నెమ్మదైనోడు ఈడే. ఈడు ముందు నడుత్తాడు" అని ప్రకటించింది.

అలా ఆ కొండకు నాయకుణ్ణయ్యాను. సైకిల్ను తోసుకుంటూ, వేళ్ళకు తట్టుకుంటూ, చెమట కళ్ళలోకి కారుతుంటే ముందు నడిచాను. నా వెనకే కూర్మారావు, హాయిగా కూర్చుని, మెల్లగా మోటారు మీద.  ఉన్నట్టుండి వెనక నుంచి గొంతు వినిపించింది:

"ఏటి బావా, సొంత కాళ్ళు ఎలాగున్నాయి?"

అడవంతా నవ్వింది. జోగారావు సైకిల్ వదిలేసి కూర్చుని నవ్వాడు. నెలల తరబడి అవును, కాదు అన్న మాటలు తప్ప పలకని మనిషి నోట వచ్చిన మొదటి వేళాకోళం అది. ఇక ఆగలేదు. "ఉపన్నేసం ఇయ్యి బావా, దారి తరుగుతాది" అన్నాడు. "హారను కొట్టనా, పక్కకి తప్పుకుంతావా?" అన్నాడు. అలా తిట్టించుకుంటూ ఇంకో కొండైనా ఎక్కేవాణ్ణి. పిన్ని అందరికంటే వెనక, చిన్నగా ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ వచ్చింది.

పైకి చేరాక పిన్ని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. కూర్మారావు కొండకు దండం పెట్టాడు. నేను నేల మీద వెల్లకిలా పడి ఆయాసపడుతున్నాను. పిన్ని కళ్ళు తెరిచి, "నువ్వు కూడా బేటరీకో దండం ఎట్టరా. దాని శక్తి కళ్ళారా సూసేవు కదా" అంది. జీవితంలో నేను దండం పెట్టడానికి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

దూరంగా ఉద్దానం కొబ్బరి తోటలు పచ్చటి దుప్పటిలా ఉన్నాయి. వాటి అవతల సముద్రం, ఒక నీలపు గీత. కూర్మారావు చెయ్యి చాచాడు. "అదిగో మా ఊరు. సూసేవా?"

నా ప్రశ్న నాకే వచ్చింది. మంచి మనసుతో చూశానని అనేయవచ్చు. జోగారావు అప్పటికే, "ఆఁ, కనబడతంది, కనబడతంది" అనేశాడు. నాకు మాత్రం పచ్చదనం తప్ప ఏమీ కనబడలేదు. "లేదు బావా, చూపించు" అన్నాను. కూర్మారావుకు కోపం రాలేదు. నా కళ్ళద్దాలు తీసి తన చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. గడ్డం పట్టుకుని నా మొహం తిప్పాడు. "ఆ తెల్లటి ఇసక మేట ఇవతల... దాని పక్కన నీళ్ళ టేంకు... ఇంకా ఇటు" అంటూ, కనబడేదాకా వదిలిపెట్టలేదు. కనబడింది. మసకగా, బొటనవేలి గోరంత. "సూసేను" అన్నాను. పిన్ని నా వైపు చూసి తల ఊపింది.

గత వేసవిలో పిన్ని పోయింది. సమాధి దగ్గర పాస్టరుగారు పరలోకం గురించి చెప్పారు. నేను వాదించలేదు. నాకు తెలియని చోటు గురించి నేనేం చెబుతాను? కూర్మారావు జబ్బు తగ్గిందని రాస్తే బాగుంటుంది, కాని అది అబద్ధం. మందులు నడుస్తున్నాయి, పరీక్షలు నడుస్తున్నాయి. ఆ పరీక్షలకు తనే సైకిల్ మీద వెళ్ళివస్తున్నాడు. ఎదుటే అతన్ని గతంలోకి నెట్టే ధైర్యం ఇప్పుడు ఎవరికీ లేదు, బదులు చెప్పకుండా వదలడు గనక.

"చూశారా?" అన్న ప్రశ్నను నేను మానలేదు, మానను. ఇంతకాలం దాన్ని వేలితో పొడిచినట్టు విసిరేవాణ్ణి. ఆ ప్రశ్నకు రెండో సగం, చేట పక్కన పెట్టి లేచి నాతో పాటు ఎండలో పిన్ని నడిచిన నడక, నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగాక, చెప్పులు వేసుకుని నేనూ బయల్దేరతాను.

ప్రతి చలికాలం ఆ కొండ ఎక్కుతున్నాం. ఇవాళ మళ్ళీ ఆ రోజు. నా మీట ఇప్పుడు సున్నా మీద ఉండదు, అలాగని పైదాకా పోదు. వాగు దగ్గర ఎవరికైనా కావలసి వస్తుందేమోనని కాస్త మిగుల్చుకుంటాను. గేటు బయట గంట మోగుతోంది.

"ఏటి బావా, ఇంకా తెమలనేదా? బేటరీ సరిగ్గా కూకుందా?"

లాగి చూశాను. కూర్చుంది.