సైరన్ మోగేదాకా

ఆ ఉదయం బచేలీ గని ఆసుపత్రి ల్యాబులో ఉన్నవి: నల్ల గాజు పలక, లాటెక్స్ మందు సీసా, రక్తం నుంచి వేరు చేసిన సీరం. ఉన్నవాళ్లు: టెక్నీషియన్ మల్లేశ్వరి గారు, గొల్లపల్లి నుంచి కూలికొచ్చి ఇక్కడే ఉంటున్న భీమమ్మ, ఆమె ఎనిమిదేళ్ల కూతురు ఉంగి, పిల్లల వైద్యం చదువుతున్న నేను. ఇంకెవరూ లేరు. దయ్యాలను, గాలి సోకడాలను నేనెప్పుడూ నమ్మలేదు.

ఉంగికి కీళ్ల వాపు. కీళ్లవాతమేమో తేల్చడానికి రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ చూడమన్నారు పెద్ద డాక్టరు.

“పొద్దుగాల సైరన్ మోగేదాంక పిడికిలి ఇప్పదు సారూ,” అంది భీమమ్మ. “బడిల పంతులు నాటకాలంటుండు.”

“ఏవే పిల్లా, సైరనుకి తెరుచుకునేది చెయ్యా, గని గేటా?” అన్నారు మల్లేశ్వరి గారు.

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. ఉంగి చేతిని వెనక్కి దాచుకుంది.

సీరం చుక్కలో లాటెక్స్ చుక్క వేసి, పుల్లతో కలిపి, పలకను అటూ ఇటూ ఊపాను. పలుకులు కడితే పాజిటివ్, అంటే ఆ ఫ్యాక్టర్ ఎనిమిది యూనిట్లు దాటినట్టు; కట్టకపోతే ఆ లోపే. పాలలా నున్నగా ఉండిపోయింది.

“అంటే ఏంది సారూ, నా బిడ్డ అబద్ధమాడుతాందా?”

“కాదమ్మా. పిల్లల్లో జబ్బున్నా చాలాసార్లు ఇది నెగెటివే వస్తుంది.”

చెప్పింది సరైనదే. కానీ అప్పటికే నవ్వేశాను.

మర్నాడు నిద్ర లేచేసరికి నా కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. ఎడమ చేత్తో లాగినా వేళ్లు రాలేదు. గని సైరన్ మోగింది. వాటంతటవే విడిపోయాయి.

అప్పటి నుంచి రోజూ అంతే. నా మనసు చేస్తున్న పనే అనుకున్నాను. సెలవుకి విజయవాడ వెళ్లాను. అక్కడ ఆ సైరన్ వినపడదు. అయినా ఆ వేళకే చెయ్యి తెరుచుకునేది. ఒక్కరోజు మాత్రం బాగా పొద్దెక్కాక తెరుచుకుంది. తిరిగొచ్చి వాకబు చేస్తే, ఆ రోజు కరెంటు పోయి ఇక్కడ సైరన్ ఆలస్యంగా మోగిందట.

మందులతో ఉంగి చెయ్యి బాగుపడింది. నాది అలాగే ఉంది. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. పొద్దున్నే వార్డు నుంచి పిలుపొస్తే ఆ చేతిని కోటు జేబులో పెట్టుకుని వెళ్తాను. ఉంగి మళ్లీ పరీక్షలకని చేరినప్పుడు, తెల్లారుతుండగా అలాగే ఆమె మంచం దగ్గరికి వెళ్లాను. జేబు వంక చూసింది.

“సారూ, నీది గూడ ఇప్పదా?”

అడిగింది గానీ నవ్వలేదు.

ఇదంతా ఎందుకు జరుగుతోందో నాకు తెలియదు. మొన్న ల్యాబులో ఎవరూ లేనప్పుడు, అదే పలక మీద నా రక్తం నేనే పరీక్షించుకున్నాను.

ఎనిమిది యూనిట్ల లోపు. నెగెటివ్.