జోగిగుట్ట మీద కుందేటికొమ్ములు

దయామణి మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి ఆయాగా పనిచేసి రిటైరైంది. భర్త దేవదానం పోయాక పుంగనూరుకూ రామసముద్రానికీ నడుమనున్న పుట్టినూరికి వచ్చేసింది. ఊరి వెనక జోగిగుట్ట. కింద నుంచి చూస్తే రాళ్లూ ముళ్లపొదలూ తప్ప ఏమీ కనబడవు. ఆ పొదల నీడలోనే కుందేటికొమ్ములు మొలుస్తాయి. వాటికి ఆకులుండవు. చిటికెనవేలంత లావున, పలకలు పలకలుగా పచ్చటి కాడలు నిటారుగా లేస్తాయి. వానలు పడ్డాక కొసల్లో ముదురు ఊదారంగు చిన్నచిన్న పూలు తలలు వంచుకుని పూస్తాయి.

చిన్నప్పుడు మేకల వెంట తిరిగేటప్పుడు ఆమె ఆకలికీ దాహానికీ ఆ కాడలే నమిలేది. కొస తుంచుకో, మొదలు మాత్రం కదిలించొద్దని తల్లి చెప్పింది. ముసలితనం వచ్చినా దయామణి ఆ మాట దాటలేదు.

దేవదానం మంచాన పడినన్నాళ్లూ పక్కన కూర్చున్నవాడు అతని స్నేహితుడు జ్ఞానప్రకాశం. పుంగనూరు చర్చిలో సంఘపెద్ద. సమాధి దగ్గర ఆమె తలమీద చెయ్యి పెట్టి, "సెల్లెమ్మా, ఇంకమీద నీకు అన్న ఉండాడనుకో" అన్నాడు. ఆమె అలాగే అనుకుంది. ఏటా వానాకాలంలో కుందేటికొమ్ముల పచ్చడి నూరి అతనికి ఇచ్చి వచ్చేది.

పోయిన ఏడు ఆ పచ్చడి తింటూ, "ఇది యాడ మొలుస్తాదో నేనూ ఒకసారి సూస్తానమ్మా" అన్నాడు.

ఎవరికీ చూపించని చోటు అది. అన్న అడిగాడు కదా అని తీసుకెళ్లింది. రాళ్ల మీద జారకుండా అతని చెయ్యి పట్టుకుని ఎక్కించింది. అతను ఫోన్లో పూల ఫొటోలు తీసుకున్నాడు. ఇంత ఎండినచోట ఇంత అందం పెట్టినందుకు దేవునికి స్తోత్రమని కళ్లు మూసుకుని ప్రార్థన కూడా చేశాడు. ఆమె ఆమేన్ అంది.

వినాయక చవితి దాటాక ఒక పొద్దున మేకలకాపరి ఎల్లప్ప రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, గుట్టంతా పీక్కోని పోయినారు. వ్యాను ఏసుకోనొచ్చినారు. మీ చర్చి పెద్దాయన పక్కన నిలబడి సూపిస్తా ఉండాడు."

"ఆయన అయ్యుండడులే ఎల్లప్పా. నువ్వు ఇంకెవుర్నో సూసుంటావు."

గుట్ట ఎక్కి చూసింది. పొదలు నరికి పక్కన పడేశారు. వాటి కింద మట్టి గడ్డపారలతో తిరగేసి ఉంది. మొదళ్లు కూడా మిగల్లేదు.

ఆ రోజే పుంగనూరు పోయింది. ఇంట్లో అతను లేడు, కుప్పంలో అల్లుడి దగ్గరున్నాడని భార్య చెప్పింది. దయామణి పలమనేరులో బస్సు మారి కుప్పం పోయింది. దారంతా అతని తరఫున తనే సమాధానాలు వెతుక్కుంది. ఎవరో బలవంతం చేసుంటారు. ఆయనకు తెలియకుండా జరిగుంటుంది. నన్ను చూడగానే బాధపడతాడు.

కుప్పం చివర రేకుల షెడ్డు ముందు పట్టలు పరిచి కుందేటికొమ్ములు ఎండబోశారు. కొన్నిటికి పూలు ఇంకా రాలలేదు. అల్లుడు ప్రకాష్ బాబు ఆమెను ఎరగడు. ఏదో కొనడానికి వచ్చిందనుకుని సంబరంగా చెప్పాడు.

"ఇది పొడి చేస్తే ఒళ్లు తగ్గుతాదని బెంగుళూరోళ్లు అడుగుతా ఉండారమ్మా. మా మామే చోటు సూపిచ్చినాడు. ఆయన పోయి సూసొచ్చింది దీనికోసమే."

అప్పుడే జ్ఞానప్రకాశం కాఫీ గ్లాసుతో బయటికి వచ్చాడు. ఆమెను చూసి ఆగాడు.

"నాకు యాల చెప్పలేదన్నా?" అంది దయామణి.

"చెప్తే వద్దంటావు కదమ్మా." గ్లాసు కింద పెట్టి, "దేవుడు అందరికోసమే కదా పుట్టిచ్చినాడు" అన్నాడు.

"అందరికోసమే పుట్టిచ్చినాడు. మొదలు పీకమని చెప్పినాడా?"

అతను కాఫీ తాగి పొమ్మన్నాడు. ఆమె తాగలేదు.

తర్వాతి ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజనం, మనసులో పగ ఉంచుకుని ఎవరూ ముట్టకూడని సంస్కారం. ద్రాక్షారసం చిన్నగ్లాసుల్లో పోసిన ట్రే పట్టుకుని జ్ఞానప్రకాశం వరసవరసకూ వస్తున్నాడు. ఆమె దగ్గరికొచ్చి ట్రే ముందుకు చాచాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"నీతో సమాధానపడకుండా నీ చేతి నుంచి ఇది ఎట్లా తీసుకునేదన్నా?"

చర్చిలో అందరికీ వినబడింది. అతను ట్రే పక్కామెకు జరిపాడు. దయామణి లేచి బయటికి నడిచింది.

వారంలోపు పాస్టరమ్మగారు ఇంటికొచ్చి, క్షమించడం నేర్చుకోమని చెప్పి పోయింది. ఆయన్ని వచ్చి క్షమాపణ అడగమని మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. దేవుని సన్నిధిలో పెద్దమనిషిని అవమానించిందన్న మాట ఊళ్లు తిరిగింది. పిచ్చిమొక్కల కోసం ఇంత రచ్చా అని నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆమె ఆ చర్చికి పోవడం మానేసింది. జ్ఞానప్రకాశం రాలేదు. దేవదానం వర్ధంతికి కూడా.

ఈ ఏడు వానలకు గుట్ట అవతలివైపు, మనిషి దూరలేని రాతిసందులో నాలుగు కాడలు లేచాయి. దయామణి ఒక్కటీ తుంచకుండా దిగొచ్చింది.

మదనపల్లెలో టీచరుగా ఉన్న కూతురు షైలజ సెలవులకు వచ్చి, "అమ్మా, మళ్లీ యాడన్నా మొలిచినాయా? ఈసారి నేనూ వస్తా, నాకు సూపీ" అంది.

దయామణి కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది.

"లేవు పాపా. ఒక్కటీ లేదు," అంది.