పోటు వేళకి కోరంగి పాయలో

మా ఆయనకి తణుకులో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ఏడాదికి రెండు రోజులు తప్ప ఆ కొట్టు మూయరు. ఆ రెండు రోజులూ ఏదో ఒక గుడికే వెళ్ళి వస్తాం. ఈసారి మాత్రం ఊళ్ళు నేను ఏరుతానని ముందే చెప్పేశాను. అడవి ఒకటి, సముద్రం ఒకటి, గుడి ఒకటి. అడవికి కోరంగి మడ అడవులు, సముద్రానికి ఉప్పాడ, గుడికి ద్రాక్షారామం. మూడూ కాకినాడకి అటూ ఇటూ ఉన్నవే కాబట్టి రెండు రోజుల్లో తేలిపోతాయని నా లెక్క.

గుడి మా ఆయన కోసం. ఉప్పాడ నా కోసం, అక్కడ సముద్రం ఒడ్డున చీరలు నేసే మగ్గాలు చూడాలని నాకు ఎన్నాళ్ళనుంచో ఉంది. అడవి మాత్రం సుందరమ్మ వదిన కోసం. ఆవిడ మా ఆయనకి అక్క, మాతోనే ఉంటారు, డెబ్బై దాటాయి. కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఎడమ కంటికి వచ్చే బుధవారం రాజమండ్రిలో ఆపరేషన్. డాక్టరుగారు "ప్రయత్నిద్దామమ్మా" అన్నారు గానీ చూపు నిలుస్తుందని మాట ఇవ్వలేదు.

మా మామగారు వయసులో ఉండగా ధాన్యం పడవ నడిపేవారట. కాలవల మీద కాకినాడ దాకా వెళ్ళి వచ్చి, కోరంగి పాయలో నీటికుక్కల్ని చూశానని, అవి చేపని రెండు చేతులతో పట్టుకుని జామకాయ కొరికినట్టు కొరుకుతాయని చెప్పేవారట. నీళ్ళలో కుక్కలేంటని ఊరంతా నవ్వి ఆయనకి నీటికుక్కల వెంకయ్య అని పేరు పెట్టారు. నవ్వినవాళ్ళలో కన్నకొడుకు కూడా ఉన్నారు, అంటే మా ఆయన. నమ్మింది వదిన ఒక్కరే.

"కంటికి కట్టు కట్టేలోపు ఒక్కసారి వాటిని చూడాలే లక్ష్మీ," అన్నారు వదిన ఒకరోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. అంతకుముందు ఆవిడ నన్ను ఏదైనా అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి రైలు. నాలుగింటికే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో సర్ది, మాగాయ పొట్లం కట్టాను. ఆరున్నరకి ఆటో కూడా వచ్చింది. మా ఆయన చెప్పులు వేసుకోబోయి, వెనక్కి వెళ్ళి గోడ మీద కేలండరు చూశారు.

"ఆరున్నర నుంచి వర్జ్యం. ఎనిమిదీ అయిదు దాకా గడప దాటేది లేదు."

"రైలు పోతుందండీ!"

"పోతే బస్సు లేదా ఏంటి? అడవి ఎక్కడికైనా లేచిపోతుందా?"

అడవి లేచిపోదు, నిజమే. ఏం లేచిపోతుందో మాకు ఆ పూట తెలియదు. ఎనిమిదీ పదికి బయల్దేరి, రాజమండ్రి బస్సెక్కి, అక్కడ మారి, కాకినాడలో దిగేసరికి ఒంటిగంటా పావు. బస్‌స్టాండులో బల్లమీద కూర్చుని సగం పులిహోర తిన్నాం. రెండింటికి యానాం బస్సు. నా పక్కన ఎండుచేపల గంపతో కూర్చున్నావిడ ఎక్కడికని అడిగి, కోరంగి అనగానే మా మొహాలు చూసింది.

"ఇప్పుడా అండీ? ఇప్పుడేం ఉంటుంది, బురద తప్ప?"

మూడింటికి దిగాం. టిక్కెట్టు తీసుకుని లోపలికి నడిస్తే చెక్కలతో కట్టిన బాట, అటూ ఇటూ మడ చెట్లు. వాటి వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి, వరికోసిన చేలో మోళ్ళలా ఉంటాయి. బురద మీద చిటికెనవేలంత చేపలు కప్పల్లా గెంతుతున్నాయి. బాట చివర పడవల రేవు. పడవ నడిపే ఆయన గుంజకి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. పాయలో నీళ్ళు అడుగంటి ఉన్నాయి.

"ఆటు తీసేసిందండి. పడవ దింపితే బురదలో కూర్చుంటుంది. పొద్దున్న పదకొండుంపావుకి నిండా పోటు. అప్పుడు రావాల్సింది."

వదిన కొంగుతో ఎడమ కన్ను తుడుచుకుని ఆ పాయ వంకే చూస్తూ నిలబడ్డారు. ఆ నిలబడటం చూశాక నాకు పట్టుదల వచ్చింది.

"పోటు వేళ మీకెలా తెలుస్తుంది బాబూ?"

అతను షెడ్డులో వేలాడుతున్న కేలండరు చూపించాడు. మా వంటింట్లో ఉన్న కేలండరే! "తిథిని బట్టేనండి. మా రేవుకి అమావాస్యనాడు పొద్దున్న తొమ్మిదికి పోటు. అక్కడ్నించి తిథికి ముప్పావుగంట జరుపుకుంటూ రండి. ఇవాళ తదియ. రేపు చవితి, పన్నెండింటికి నిండుతుంది."

నేను మా ఆయన వంక చూశాను. తెల్లారితే ఆయన చూసేదీ ఆ కేలండరే, ఆ గడే. వర్జ్యం చూశారు, దాని పైనే ఉన్న తిథి చూడలేదు. చూసినా సముద్రం ఎరగనివాళ్ళకి అందులో నీళ్ళున్నాయని తెలుస్తుందా! నాకూ తెలియదు. మీరు వెళ్ళేట్టయితే ముందు తిథి లెక్క కట్టుకుని, రేవులో వాళ్ళనీ ఒకమాట అడిగి బయల్దేరండి.

సాయంత్రం యానాం మీదుగా ద్రాక్షారామం చేరాం. భీమేశ్వరుడిది పెద్ద లింగం, కింద ఒకసారి చూసి, మెట్లెక్కి పై అంతస్తులో శిరస్సు చూడాలి. మెట్ల దగ్గర చీకటి. వదిన నా భుజం పట్టుకుని ఎక్కారు. దిగాక రాతి స్తంభాల మీద చెక్కిన పాత అక్షరాలని వేళ్ళతో తడిమి చూశారు. "కళ్ళు లేకపోయినా ఇవి చదవచ్చే," అన్నారు. ఆ రాత్రి గుడి దగ్గర సత్రంలో పడుకున్నాం, గది చిన్నదైనా నీళ్ళు ధారాళంగా వచ్చాయి.

సోమవారం తెల్లవారుజామున మా ఆయన అభిషేకం చేయించుకుని విభూతి రేఖలతో వచ్చారు. ఏడున్నరకి పెసరట్టు ఉప్మా తింటూ ఆ రోజు సంగతి ఎత్తారు.

"ఇక ఉప్పాడ చూసుకుని సాయంత్రం రైలెక్కేద్దాం."

"ఉప్పాడ వద్దండి, కోరంగికే వెళ్దాం. పన్నెండింటికి పోటు."

వదిన అడ్డుపడ్డారు. "నీ మగ్గాలో లక్ష్మీ? నాకోసం నీది మానుకోకు. ఉప్పాడే వెళ్దాం."

"ఉప్పాడ ఎక్కడికీ పోదు వదినా."

"పోకేం!" అన్నారు మా ఆయన. "ఏడాదికింత సముద్రం మింగేస్తోంది. వచ్చే ఏటికి నీ మగ్గాలు చేపలు నేసుకుంటాయి."

"నేసుకోనివ్వండి. బుధవారం మాత్రం ఆగదు కదా."

ఆయన చెయ్యి కడుక్కుని జేబులోంచి చిన్న పంచాంగం తీశారు. "సోమవారం. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. తొమ్మిది దాటాక..."

"మీరు రాహుకాలం అయ్యాక రండి. మేం ఈ బస్సుకే వెళ్తున్నాం," అని వదిన చెయ్యి పట్టుకున్నాను. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన్ని వదిలి నేను బస్సెక్కబోవడం అదే మొదలు. ఎనిమిదింపావుకి బస్సు కదలబోతుంటే, సంచులు రెండూ మోసుకుంటూ పరిగెత్తుకొచ్చి, కుడికాలు ముందుపెట్టి ఎక్కారు.

"రాహుకాలం కదండీ?" అన్నాను.

"పులిహోర డబ్బా నీ దగ్గరే ఉందిగా," అన్నారు.

యానాంలో దిగి, రెండో బస్సు కోసం గంటన్నర కాచుకుని, పదకొండున్నరకి రేవులో ఉన్నాం. నిన్నటి బురద కనపడలేదు, నీళ్ళు చెట్ల మొదళ్ళ దాకా నిండి ఉన్నాయి. పడవాయన మమ్మల్ని గుర్తుపట్టి నవ్వి, లైఫ్ జాకెట్లు తొడిగించాడు. పాయ సన్నగా మొదలై వెడల్పయింది. లకుముకి పిట్టలు, తెల్లకొంగలు, కొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. చివరికి చెట్లు తప్పుకుని ఎదురుగా సముద్రం కనిపించింది. నా ఉప్పాడ సముద్రమే ఇటునుంచి వచ్చి పలకరించినట్టు అనిపించింది. నీటికుక్కలు మాత్రం లేవు.

పడవ తిరిగింది. "రోజూ కనపడవండి," అన్నాడు పడవాయన. "వారానికొకసారి, అదీ అదృష్టం."

ఇంక సగం దారి ఉందనగా ఇంజను ఆపేయమని నేనే అడిగాను. "కాసేపు తెడ్డుతో వెళ్దాం బాబూ, చప్పుడు లేకుండా." అతను వదిన వంక ఒకసారి చూసి సరేనన్నాడు. పోటు తీయడం మొదలై, ఒడ్డున జానెడు బురద బయటపడుతోంది.

వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మాకంటే ముందు ఆ ఒక్క కన్నే చూసింది. వేళ్ళ మధ్య నల్లగా, తడిగా, మీసాలతో ఒక తల. దాని వెనక ఇంకొకటి. మూడోది బురదలో వెల్లకిలా పడి దొర్లుతోంది. ముందున్నది చేపని రెండు చేతులా పట్టుకుని, తల పక్కకి వంచి కొరికింది. అచ్చంగా జామకాయ!

మా ఆయన ఫోటో తీద్దామని కళ్ళజోడు కోసం సంచిలో తల దూర్చి ఉన్నారు. ఆయన తల ఎత్తేసరికి నీళ్ళమీద వలయాలు మాత్రం మిగిలాయి.

"ఏవీ? ఎక్కడ?"

"వెళ్ళిపోయాయిరా సత్యం," అన్నారు వదిన. ఆవిడ కన్ను నీళ్ళతో నిండి ఉంది, అయినా తుడుచుకోలేదు.

కాకినాడలో గొట్టం కాజాలు కొనుక్కుని అయిదింటికి రైలెక్కాం. తిరిగి వస్తూ నేను అనుకున్నదేమిటంటే, రెండు రోజుల్లో మూడు ఊళ్ళు చూడాలనుకునేవాళ్ళు ఒకటి వదులుకోవడానికి సిద్ధపడి బయల్దేరాలి. ఏది వదలాలో ఊళ్ళని బట్టి తేలదు, పక్కన కూర్చున్న మనిషిని బట్టి తేలుతుంది. బుధవారం సంగతి బుధవారం చూసుకుందాం అన్నారు వదిన, కిటికీ పక్కన కూర్చుని.

సామర్లకోటలో ఒక మాస్టారుగారు ఎక్కి, మాటల్లో పడి, ఎక్కడినుంచి వస్తున్నారని అడిగారు.

"కోరంగి నుంచండి," అన్నారు మా ఆయన. "నీటికుక్కలు చూశాం. అయిదు!"

"నీటికుక్కలా! నిజంగా ఉన్నాయా అండీ?"

"ఉన్నాయా ఏంటండీ! ఈ మూరంత చేపని రెండు చేతుల్తో పట్టుకుని, జామకాయ కొరికినట్టు కొరుకుతుంటే! మా నాన్నగారు ఎప్పుడో చెప్పారు."

నేను వదిన వంక చూశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డుపెట్టుకుని నవ్వుతున్నారు.

"మూడేరా," అన్నారు చివరికి. "నాన్న కూడా ఇలాగే రెండు కలిపి చెప్పేవాడు."