పిల్ల లేని బాలింత

మా అక్కది కోరుట్ల. ఆమె కొడుకు దుబాయిలో ఉంటాడు. ఇంట్లో కోడలు, ఇద్దరు మనవళ్లు. మొన్నటి వానాకాలం కొడుకు సెలవుకు వచ్చి పోయాక కోడలికి మూడోసారి నెల తప్పింది.

"ఇంకొకరిని సాకే సత్తువ నాకు లేదత్తా, తీయించుకుంట" అంది ఆ పిల్ల.

అక్క రెండు పూటలు అన్నం ముట్టలేదు. "గది పాపం తమ్మీ" అని ఫోన్ చేస్తే సిరిసిల్ల నుంచి నేను వెళ్లాను. ముగ్గురం జగిత్యాల ఆసుపత్రికి పోయాం.

"నా కొడుకు దస్కత్ లేకుండ ఎట్ల చేస్తరు?" అని అక్క అడ్డం పడింది.

"చట్టం ప్రకారం ఆమె సంతకమే చాలమ్మా" అంది డాక్టరమ్మ.

ఆ పని అయ్యాక తిరిగి వచ్చేటప్పుడు అక్క బస్సులో కోడలికి దూరంగా కూర్చుంది. కోడలిని పుట్టింటికి పంపేస్తుందేమోనని నాకు భయం వేసింది.

తెల్లారి చూస్తే, కోడలు చెవుల్లో దూది, తలకు గుడ్డతో మంచం మీద కూర్చుంది. అక్క వేడి అన్నంలో ఎల్లిపాయ కారం కలుపుతోంది. మా వైపు కాన్పయిన బాలింతకు చేసే సేవ అది.

వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఊరుకుంటారా?

"పిల్ల లేని బాలింతను గిప్పుడే చూస్తున్నం వదినే! తీయించుకున్నదానికి గిన్ని సోకులా?" అంది ఒకామె.

"పాపమో పున్నెమో నేను దేవునితోని మాట్లాడుకుంట. పచ్చి ఒంటికి గాలి తగిలితె నడుము పట్టేది నా కోడలికి, నీకు గాదు. నీ బీడీలు నువ్వు చుట్టు" అంది అక్క.

కోడలు ముద్ద నోట్లో పెట్టుకుని, "కారం ఎక్కువైందత్తా" అంది.

"నోరు మూసుకొని తిను" అంటూ అక్క ఇంకింత నెయ్యి పోసింది.