చీటీలు అంటించిన గది

ఆ వీధిలో ఆమెను పేరుపెట్టి పిలిచేవారు లేరు. ముప్పై రెండేళ్లు పెద్దాసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేసి, విరమించి నాలుగేళ్లయినా, పాలవాడి నుంచి ఎదురింటి లాయరు దాకా అందరికీ ఆమె సిస్టరమ్మే. ఉద్యోగం ఆమెను వదిలింది గానీ ఆమె ఉద్యోగాన్ని వదల్లేదు. ఇందుకు ఇంట్లో మిగిలిన ఏకైక రోగి, అంటే నిక్షేపంలాంటి ఆరోగ్యంతో ఉన్న ఆమె భర్త, ప్రత్యక్ష సాక్షి.

వారిది మూడు గదుల ఇల్లు. వీధివైపు ఉన్న చిన్న గది చుట్టాలది. ఆసుపత్రికీ బస్టాండుకీ నడిచి వెళ్లగలిగే ఇంటికి చుట్టాల కరువేముంటుంది? రక్తపరీక్షలకు వచ్చేవారు, పళ్లు కట్టించుకునేవారు, ఆఖరి బస్సు తప్పిపోయినవారు, తప్పిపోయిందని చెప్పేవారు, అందరూ కలిసి ఏడాదికి ఇరవై మందికి తక్కువ కాకుండా అక్కడ తలదాచుకుని వెళ్లేవారు. వారికి ఆమె పెట్టేది సాదా భోజనమే: వేడి అన్నం, ఒక కూర, గుడ్డట్టు, పడుకునే ముందు గోరువెచ్చని పాలు. కొత్తచోట నిద్ర పట్టాలంటే కడుపు తేలికగా ఉండాలని, మన గొప్ప చూపించుకోవడానికి చుట్టం పొట్టను వాడుకోకూడదని ఆమె సిద్ధాంతం.

గది విషయంలో మాత్రం ఆమె పద్ధతి మరీ కట్టుదిట్టమైనది. ఎవరైనా వస్తున్నారంటే, ముందురోజు రాత్రి భర్త ఆ గదిలో పడుకుని చూడాలి. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరుగా పనిచేసినవాడు; రాకపోకలు నమోదు చేయడం అలవాటైన మనిషి. తెల్లవారగానే వంటింటి గుమ్మంలో నిలబడి నివేదిక ఇవ్వాలి.

"దాహం వేసిందా?"

"వేసింది."

"చెయ్యి ఎటు చాపారు?"

"కుడివైపు. గ్లాసు తగిలింది, పడలేదు."

"వీధిదీపం కళ్లలో పడిందా?"

"లేదు. తలుపు సందులోంచి నువ్వు రెండుసార్లు తొంగిచూశావు చూడు, అది పడింది."

ఇలాంటి నివేదికల పుణ్యమా అని ఆ గదిలో మంచం కిర్రుమనడం మానింది, కొక్కేలు పొట్టివారికి అందేంత ఎత్తుకు దిగాయి, దిండ్లు మెత్తనిదొకటి గట్టిదొకటి అయ్యాయి. అన్నిటికీ మించినది చీటీల ఏర్పాటు. దాహంతో గొంతు ఆరిపోతున్నా గంట నొక్కడానికి మొహమాటపడే రోగులను ఆమె వందలమందిని చూసింది. చుట్టం కూడా అంతే. అడగడమే అతనికి అన్నిటికంటే పెద్ద కష్టం. అందుకని అడగవలసిన అవసరమే లేకుండా ప్రతిదాని పక్కనా గుండ్రటి అక్షరాలతో ఒక చీటీ అంటించేది. "ఇది ఫ్యాను స్విచ్చు." "ఎడమ కొళాయిలో వేడినీళ్లు." "చలి వేస్తే దుప్పటి ఈ అరలో." "ఆకలేస్తే బిస్కెట్లు ఇక్కడ, మొహమాటం వద్దు."

ఆ వారం రావలసింది వదిన. సిస్టరమ్మ పెద్దన్నయ్య భార్య. అన్నయ్య పోయి ఆరేళ్లయింది. వదిన వేరే ఊళ్లో ఒక బడి క్యాంటీన్లో మూడు వందల మంది పిల్లలకు ఇప్పటికీ వండిపెడుతోంది. కుడికంటిలో శుక్లం ముదిరిందని, ఆపరేషన్ చేయాలని అక్కడి డాక్టరు చెప్పాడు. తర్వాత పదిహేను రోజులు ఎవరో ఒకరి దగ్గర ఉండి చుక్కలు వేయించుకోవాలి. ఒకరి దగ్గర ఉండటమన్న మాటే వదినకు గిట్టదు. ఫోనులో బతిమాలగా బతిమాలగా ఒక మెట్టు దిగింది.

"ఒక్క రాత్రి ఉండి చూస్తానే పిల్లా. నా వల్ల మీకు శ్రమ అనిపించిందా, పొద్దున్నే బస్సెక్కేస్తా. కన్నుదేముంది, ఎడమది బాగానే ఉంది."

సిస్టరమ్మకు అరవై రెండేళ్లు. వదినకు మాత్రం ఆమె ఇంకా పిల్లే. మర్నాడు పది గంటలకు కంటి డాక్టరు దగ్గర సమయం తీసుకుని, ఆ రాత్రి ఒక్కటీ గండం గడిస్తే చాలుననుకుని, ఆమె గదిమీద పడింది. కంటి జబ్బు మనిషి కదా అని పాత చీటీలన్నీ పీకి ఈసారి ఎర్ర సిరాతో కొత్తవి రాసింది. వంటింటి డబ్బాలకు కూడా అంటించింది. భర్త రెండు రాత్రులు వరుసగా పడుకుని, రెండుసార్లూ పాసయ్యాడు.

వదిన సాయంత్రం వచ్చింది. గుమ్మాన్ని తడుముతూ లోపలికి వచ్చి, ఏది చూపించినా "బాగుంది, బాగుంది" అంది. భోజనానికి కూర్చోబెడితే ఒడిలో చేతులు పెట్టుకుని ఇబ్బందిగా కదిలింది.

"నన్ను కూర్చోబెట్టి వడ్డించకే. నేరం చేసినట్టుంది."

"ఒక్కపూట కూర్చుంటే అరిగిపోవులే వదినా."

"అరగడం కాదే, తుప్పుపడతాను."

పొద్దున వదిన స్నానం ముగించి పెరట్లో తల తుడుచుకుంటుండగా సిస్టరమ్మ గదిలోకి వెళ్లింది. పరుపు చూసి మనిషి ఎలా నిద్రపోయిందో చెప్పగల అనుభవం ఆమెది. రాత్రంతా ఉక్కపోసినా ఫ్యాను తిరిగిన జాడ లేదు. కిటికీ బిగించి ఉంది. స్నానాల గదిలో వేడినీళ్ల కొళాయి కింద నేల పొడిగా ఉంది. అంటే చన్నీళ్లే పోసుకుంది. బిస్కెట్ల డబ్బా మూత కదలలేదు. సిస్టరమ్మ మొహం వాడిపోయింది.

"ఏమండీ," అంది వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "వదిన ఆ గదిలో మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టలేదు. గది నచ్చలేదు."

"నేను రెండుసార్లు పాసైన గదే అది!" అన్నాడాయన, తన పరీక్షా ఫలితాన్నే ఎవరో రద్దు చేసినట్టు.

ఇంతలో వదిన సంచి పట్టుకుని వచ్చింది.

"ఎనిమిదిన్నరకు బస్సుందటగా తమ్ముడూ?"

"అదేమిటి వదినా! పదింటికి డాక్టరు..."

"వద్దులేవే. కంటినిండా నిద్రపోయాను, ఏ లోటూ లేదు. ఆ లోటు లేకుండా చూడ్డానికి నువ్వు పడ్డ తిప్పలే చూడలేకపోయాను. పదిహేను రోజులు నిన్నిలా గిరగిరా తిప్పి నేను కన్ను బాగుచేయించుకోవాలా? ఉన్న చూపుతో వెళ్లిపోతుంది."

వార్డులో ఎంతటి మొండిఘటాల చేతనైనా మాత్ర మింగించిన సిస్టరమ్మ, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక పెనం మీద గుడ్డట్టు నల్లబడి పొగలేచింది.

"అయ్యో, అయ్యో! జరుగు! ఆ గుడ్డు నీకేం అపకారం చేసిందే?"

సంచి కింద పడేసి వదిన పొయ్యి దగ్గరికి దూసుకొచ్చింది. మాడినది తీసి అవతల పారేసింది. ఒంటిచేత్తో నాలుగు గుడ్లు టకటకా కొట్టింది, ఉల్లిపాయను చూడకుండానే సన్నగా తరిగింది, డబ్బాలోంచి చిటికెడు తీసి అలవాటుగా విసిరింది. నిన్నటి నుంచి మొదటిసారి ఆమె భుజాలు సడలాయి. రెండు నిమిషాల్లో అట్టు పళ్లెంలో పడింది.

టైమ్‌కీపరు ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. మర్యాదకూ నివేదికకూ మధ్య ఆయన కొంతసేపు నలిగాడు.

"అక్కయ్యగారూ, చాలా బాగుంది. కాకపోతే... తియ్యగా ఉంది."

వదిన తుంచి నోట్లో వేసుకుంది. మూడు వందల మందికి ముప్పై ఏళ్లుగా ఉప్పు వేసిన చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఉప్పు ఏ డబ్బాలో ఉందే?"

"డబ్బామీద చీటీ ఉందిగా వదినా, ఎర్రగా."

"చీటీయా? ఏ చీటీ?"

సిస్టరమ్మ వదిన చెయ్యి పట్టుకుని నెమ్మదిగా గదిలోకి తీసుకెళ్లి గోడముందు నిలబెట్టింది. "ఇక్కడేం కనిపిస్తోంది?"

"అవా?" వదిన ఇబ్బందిగా నవ్వింది. "దోమలు చంపిన మరకలు కదూ. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇంత శుభ్రమైన పిల్ల, గోడలిలా వదిలేసిందేమిటి, పాపం ఒంట్లో ఓపిక లేదేమో అనుకున్నా. ఇన్ని దోమలున్న ఇల్లని కిటికీ కూడా వేసేశా. ఒకదాన్ని కొట్టాను కూడా, అలా ఉబ్బెత్తుగా ఉంటే."

గుమ్మంలో టైమ్‌కీపరు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఫ్యాను స్విచ్చు పక్క చీటీ నిజంగానే దెబ్బతిని నలిగి ఉంది. సిస్టరమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. కంటి రోగికి చదువుకొమ్మని గోడనిండా రాసిపెట్టింది! బాగా చూపున్న భర్తతో పరీక్ష చేయించి పాసనుకుంది! ఆ సిగ్గంతా వార్డు గొంతుగా బయటికొచ్చింది.

"ఎడమ కన్ను బాగానే ఉందన్నావుగా! ఇదేనా బాగుండటం? స్విచ్చు కనబడకపోతే నన్ను పిలవకూడదా?"

"నిద్రపోతున్నదాన్ని లేపనా?"

"నిద్రెక్కడ వదినా! నీకు నిద్రపట్టిందో లేదోనని మేలుకునే ఉన్నాను."

"మరి నేనెందుకు లేపకుండా ఉన్నట్టే?" అని వదిన ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, మంచం అంచున కూర్చుంది.

"పిల్లా, పోయిన సోమవారం బళ్లో పిల్లలు కూరంతా వదిలేశారే. కొవ్వెక్కిందని అందరినీ తిట్టాను. ఒక చిన్నది ఏడ్చుకుంటూ తినేసింది కూడా." చేతివేళ్లు నోటికి తగిలించి మళ్లీ రుచి చూసుకుంది. "పాపిష్టిదాన్ని. దానికి నేనేం పెట్టానో!"

అప్పుడు ఆమెను ఓదార్చాలని సిస్టరమ్మకు తోచలేదు. చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. వదిన మారుమాటాడకుండా తొడుక్కుంది. ఎనిమిదిన్నర బస్సు ఎవరి కోసమూ ఆగకుండా వెళ్లిపోయింది.

డాక్టరు రెండు కళ్లూ చూసి, ఎడమదే ఎక్కువ పాడైందని, ముందు దానికే చేయాలని తేల్చాడు. బయట బల్ల దగ్గర ఒక కుర్ర నర్సు కాగితం నింపుతోంది.

"ఆపరేషన్ తర్వాత ఎక్కడుంటారమ్మా?"

సిస్టరమ్మ కాగితం వైపు వంగబోయి ఆగింది. జవాబు ఆమె చెప్పగలదు. కానీ చెప్పకూడదని మొదటిసారి గట్టిగా అనుకుంది.

"ఈవిడింట్లో," అంది వదిన. "ఎన్నాళ్లు పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు?"

"పదిహేను రోజులు."

"పొయ్యికి దూరంగా కుర్చీ వేసుక్కూర్చుని, ఇంకొకరి చేత చేయిస్తే?"

నర్సు కలం ఆపి ఆలోచించింది. "దానికేం ఇబ్బంది లేదమ్మా."

"విన్నావుటే పిల్లా? రాసుకో. నిన్న ఉల్లిపాయలు తరిగిన చప్పుడు విన్నాను, కట్టెలు కొట్టినట్టుంది. మొదటి నుంచీ నేర్పాలి."

"గురువారం చేరడానికి రావచ్చా?" అని సిస్టరమ్మ నర్సునడిగింది.