టేపు బాబాయ్ నోటుబుక్కులో పదిహేనో సంతకం

మైదానానికి ఉత్తరం వైపు, ప్రేక్షకుల మెట్ల కింద, వాలు కప్పు గది ఒకటి ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళు తల వంచక తప్పదు. గడ్డి కోసే యంత్రం, తెల్ల గీతలు గీసే బండి, నాలుగు ఇనుప మేకులకు చుట్టిన నైలాను తాడు, కొక్కేనికి వేలాడే వంద మీటర్ల టేపు, దాని పక్కన అట్ట చిరిగిన స్కూలు నోటుబుక్కు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ రాజ్యానికి రాజు ఒక్కడే. ఆటగాళ్ళ నుంచి గేటు కాపలావాడి దాకా అందరూ ఆయన్ని టేపు బాబాయ్ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, దాన్ని ఎవరూ పలకరు.

బాబాయ్ దేన్నీ ఒకసారి కొలవడు. రెండుసార్లు కొలుస్తాడు. రెండు అంకెలూ ఒకటైతేనే నేలలోకి మేకు దిగుతుంది. ఇంట్లో కర్టెన్లు కుట్టే వాళ్ళావిడకు కూడా కిటికీల కొలతలు ఈయనే తెచ్చిస్తాడు. "మా పెళ్ళి ఒక్కసారితో ఎలా అయిపోయిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఈయన ఏదైనా రెండోసారి చేస్తే గానీ నమ్మడు," అంటుందావిడ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

పదకొండేళ్ళ కిందట ఈ ఫుట్‌బాల్ జట్టును ఒక పరుపుల ఫ్యాక్టరీ ఆసామి కొన్నాడు. జనాన్ని పరుపుల మీద పడుకోబెట్టి సంపాదించిన డబ్బుతో కోచ్‌లను ఇళ్ళల్లో పడుకోబెట్టడం మొదలుపెట్టాడు. అదెలాగంటే, మూడేళ్ళకని ఒప్పందం రాయించుకుని ఒకరిని తెస్తాడు. ఎనిమిది నెలల్లో విసుగొచ్చి పంపించేస్తాడు. మిగిలిన రెండేళ్ళ నాలుగు నెలల జీతం ఆ మనిషి ఇంటికే వెళుతుంది. ఒక దశలో ఒకేసారి ముగ్గురికి జీతాలు పోయేవి. మైదానంలో నిలబడ్డవాడికి ఒకటి, ఇంట్లో కూర్చున్నవాళ్ళకి రెండు.

"కూర్చున్నవాళ్ళే నయం. వాళ్ళు ఏదీ చెడగొట్టలేదు," అంటాడు బాబాయ్.

వచ్చినవాళ్ళందరికీ ఆయన పేర్లు పెట్టాడు. ఎప్పుడూ ఈల ఊదేవాడు ఈల సారు. ఆటగాళ్ళ అన్నం తూకం వేయించినవాడు తరాజు సారు. పలక మీద బాణాలు గీసేవాడు బోర్డు సారు. ఏమీ మాట్లాడకుండా ఏడు నెలలు జీతం తీసుకున్నవాడు మౌనం సారు. అందరిలోనూ ఒక్కటే గుణం. కొత్తగా అద్దెకొచ్చినవాడు మొదటి రోజే గోడకు మేకులు కొట్టినట్టు, వీళ్ళు రాగానే మైదానం వెడల్పు మార్చమంటారు. ఒకరికి వెడల్పు కావాలి, ఇంకొకరికి ఇరుకు కావాలి. సీజను మొదలవకముందు, హద్దులు దాటకుండా, ఎంతైనా పెట్టుకోవచ్చు. లీగుకు రాసిచ్చాక మాత్రం ఏడాదంతా అదే కొలత.

నోటుబుక్కు పుట్టింది బోర్డు సారు వల్లే. గీతలు వెడల్పు చేయించింది ఆయనే. ఆ తర్వాతి మ్యాచ్‌లో అయిదు గోల్స్ తిన్నాక, ఓనరు ముందు నిలబడి, "ఈ మైదానాన్ని ఎవరు ఇంత వెడల్పు చేశారు?" అని ఆశ్చర్యపోయిందీ ఆయనే. ఆ రోజు నుంచి బాబాయ్ ఏ కోచ్ మాట మీదా మేకు కదపలేదు. చెప్పింది రాసుకోవడం, తేదీ వేయడం, కింద సంతకం పెట్టించుకోవడం. సంతకం లేకపోతే టేపు కొక్కెం దిగదు.

వీళ్ళందరి మధ్య కదలకుండా ఉన్నవాడు చిన్న సారు. అందరికీ సహాయకుడు. ఆటగాళ్ళలో ఎవడి మోకాలు ఏ వాతావరణంలో నొప్పి పెడుతుందో తెలిసిన మనిషి. అంత తెలిసినవాడు కాబట్టే ఆయన్ని ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

పోయిన సీజను సగంలో, పదహారు జట్లలో మనది పద్నాలుగో స్థానంలో ఉండగా, మఫ్లరు సారు దిగాడు. చలి లేకపోయినా మెడలో మఫ్లరు. వేరే దేశంలో కప్పు గెలిపించిన మనిషి. ఆయన్ని తేవడానికి ఓనరు పోసిన డబ్బు గురించి పేపర్లు మూడు రోజులు రాశాయి. ఆ వారమే బాబాయ్ నాలుగో ఏడు వరసగా కొత్త గడ్డి యంత్రం అడిగాడు. పాతదాని బెల్టును తీగతో కట్టి నడిపిస్తున్నాడు.

"వచ్చే ఏడు చూద్దాంలే బాబాయ్. ఇప్పుడు ఖర్చులున్నాయి," అన్నాడు మేనేజరు.

మూడో రోజున మఫ్లరు సారు మైదానం మధ్యలో చేతులు చాచి నిలబడి ఏదో అన్నాడు. పక్కనున్న తర్జుమా అమ్మాయి బాబాయ్‌ను పిలిచింది.

"ఇరుకు చెయ్యమంటున్నారండీ. అటు రెండు మీటర్లు, ఇటు రెండు. వాళ్ళ పాత మైదానం అరవై నాలుగు మీటర్లేనట. అక్కడే కప్పు గెలిచారట."

"కప్పు గెలిచింది ఆ మీటర్లు కాదమ్మా, వాటి మీద పరిగెత్తినవాళ్ళు. సరే, అది నాకెందుకు. సీజను మధ్యలో మార్చకూడదని చెప్పు. లీగుకి రాసిచ్చింది అరవై ఎనిమిది."

అమ్మాయి చెప్పింది. ఆయన గడియారం చూసుకుని రెండు ముక్కలన్నాడు.

"రూళ్ళు ఆఫీసు వాళ్ళు చూసుకుంటారట."

ఆఫీసు అంటే మేనేజరు. ఆయన చేతులూపుకుంటూ వచ్చాడు. "అంతటాయన చెప్పాక ఇంకేంటి బాబాయ్? తాడు తియ్యి."

"కాగితం ఇప్పించండి."

"కాగితమా! ఆయన్ని తేవడానికి పెట్టిన కాగితాలు చాల్లేదా నీకు?"

బాబాయ్ గదిలోకి వెళ్ళి నోటుబుక్కు తెచ్చాడు. నిలబడే రాశాడు. 'అరవై ఎనిమిది నుంచి అరవై నాలుగు చెయ్యమన్నారు. సీజను మధ్యలో కుదరదని చెప్పాను. అయినా చెయ్యమన్నారు.' తేదీ వేసి, బుక్కూ పెన్నూ ముందుకు చాచాడు. సరిగ్గా అప్పుడే తర్జుమా అమ్మాయికి ఫోనొచ్చింది. వెళ్తూ వెళ్తూ, "మీ సంతకం అడుగుతున్నారు," అని మాత్రం ఆయన భాషలో చెప్పి పక్కకెళ్ళింది.

మఫ్లరు సారు వచ్చాక మొదటిసారి నవ్వాడు. సగం పేజీ నిండేలా సంతకం పెట్టాడు. దాని కింద చిన్న బంతి బొమ్మ గీశాడు. దాని పక్కన తన భాషలో ఒక ముక్క రాశాడు. తర్వాత బాబాయ్ భుజం తట్టాడు.

"గుర్రాన్ని తట్టినట్టు తట్టాడయ్యా. నేను సకిలించలేదు, అదొక్కటే తక్కువ," అంటాడు బాబాయ్.

గీతలు లోపలికి జరిగాయి. పాత గీతల మీద ఆకుపచ్చ రంగు కొట్టాడు. ఆ రంగు తడిగా ఉన్నంతసేపే గడ్డిలా ఉంటుంది, ఆరితే పాచిలా తేలుతుంది. "కనిపిస్తుందండీ," అన్నాడు మేనేజరుతో. "ఆట చూడ్డానికొస్తారా, నీ గడ్డి చూడ్డానికొస్తారా?" అన్నాడు మేనేజరు.

ఆ కొత్త గీతల మీద మొదటి మ్యాచ్ ఆడటానికి జట్టుతో వచ్చింది ఈల సారు. మనం డబ్బులిచ్చి సాగనంపిన మనిషే, ఒప్పందం గడువు తీరాక ఇప్పుడు అవతలి జట్టుకు కోచ్. ఇక్కడ పది నెలలు గీత పక్కనే నిలబడి ఈల ఊదినవాడు. గీత అవతల కాలవ మూత ఎన్ని అడుగుల్లో ఉంటుందో ఆయన కాళ్ళకు తెలుసు. ఒక్క అడుగు ఉండాల్సిన చోట మూడు పడ్డాయి. ఆగి కిందికి చూశాడు. పాచి రంగు చూశాడు. దూరంగా ఉన్న బాబాయ్ వైపు చూసి కనుబొమలెగరేశాడు. బాబాయ్ ఆకాశం వైపు చూశాడు.

మ్యాచ్ మనమే గెలిచాం. మనవాడు కొట్టిన బంతి పక్కకు పోతుంటే, అవతలి ఆటగాడి వీపుకు తగిలి పాపం లోపలికెళ్ళింది. ఓనరు మైదానంలోకి పరిగెత్తి మఫ్లరు సారును కౌగిలించుకున్నాడు. మర్నాడు ఒక పేపరు 'మఫ్లరు మంత్రం' అని రాసింది. ఆ వీపు గురించి ఎవరూ రాయలేదు.

ఆ మర్నాడు లీగు నుంచి ఉత్తరం వచ్చింది. ఈల సారు ఫిర్యాదు, శుక్రవారం విచారణ. పనివాడి పొరపాటైతే చిన్న జరిమానా. కావాలని మార్చారని తేలితే గెలిచిన మూడు పాయింట్లూ పోతాయి, మార్చమన్నవాడు ఆరు మ్యాచ్‌లు బయట కూర్చోవాలి.

ఓనరు బాబాయ్‌ను పిలిపించాడు. ఆయన గదిలో కుర్చీలు కూడా పరుపుల్లాంటివే, కూర్చున్నవాడు లేవాలంటే ఎవరైనా చెయ్యివ్వాలి. బాబాయ్ నిలబడే ఉన్నాడు.

"చూడు బాబాయ్, చిన్న సంగతి. టేపు జారిందని చెప్పు. మనిషన్నాక పొరపాటు పడతాడు."

"నాలుగు మీటర్లా అండీ? అంత పొరపాటు పడ్డానంటే నేను మైదానంలో గీసినట్టు కాదు, పక్క వీధిలో గీసినట్టు."

"అంత డబ్బు పోసి తెచ్చింది ఆయన్ని బయట కూర్చోబెట్టడానికా?"

ముందువాళ్ళను దేనికి తెచ్చారో బాబాయ్ అడగలేదు.

"పొరపాటని చెప్పావంటే, వారంలో నీకు కొత్త యంత్రం వస్తుంది," అన్నాడు ఓనరు. తర్వాత గొంతు మార్చకుండానే, "లేదంటే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు.

ఇంటికెళ్ళి చెబితే వాళ్ళావిడ కుట్టుమిషను ఆపలేదు.

"ఏమంటావు?" అన్నాడు.

"నేనేమంటాను? ఉద్యోగం మీది. అబద్ధం చెప్పుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. కానీ తప్పు కొలిచానని మాత్రం ఊరందరి ముందూ అనకండి."

"ఎందుకని?"

"ఎందుకేంటండీ! ఇన్నాళ్ళూ మీరిచ్చిన కొలతలకి నేను కుట్టిన కర్టెన్లు ఎన్ని ఇళ్ళల్లో వేలాడుతున్నాయి? అందరూ కుర్చీలెక్కి కొలుచుకోవడం మొదలెడతారు. అప్పుడు మీరు రండి నాతో, ఇంటింటికీ."

ఆయన నవ్వాడు. ఆవిడ మిషను ఆపి, గుండుసూదులు డబ్బాలో పోసి, మెల్లిగా అంది. "యంత్రానికి తీగ కట్టుకున్నాం కదండీ ఇన్నాళ్ళూ. మనకీ కట్టుకుందాంలే."

శుక్రవారం విచారణ క్లబ్ ఆఫీసులోనే జరిగింది. లీగు ఆఫీసరమ్మ ఒక పక్క. ఓనరు, మేనేజరు, మఫ్లరు సారు, తర్జుమా అమ్మాయి ఇంకో పక్క. చిన్న సారు గుమ్మం దగ్గర.

"గీతలు మార్చింది మీరేనా?" అంది ఆఫీసరమ్మ.

"నేనేనండీ."

"పొరపాటున జరిగిందని క్లబ్ రాసిచ్చింది."

బాబాయ్ నోటుబుక్కు తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ పైకే చదివింది. 'కుదరదని చెప్పాను' దగ్గర ఓనరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఫ్యాను వైపు చూశాడు.

"ఈ సంతకం మీదేనా?"

మఫ్లరు సారు బుక్కులోకి తొంగి చూసి ఎర్రబడ్డాడు. గబగబా ఏదో అన్నాడు. తర్జుమా అమ్మాయి పెదవి కొరుక్కుని చెప్పింది. "ఈయన తన అభిమాని అనుకున్నారట."

"మరి ఈ బొమ్మ పక్కన రాసిందేమిటి?"

"'నా ప్రియమైన అభిమానికి, ప్రేమతో' అని రాశారండీ."

గుమ్మం దగ్గర చిన్న సారుకు దగ్గొచ్చింది. చాలాసేపు తగ్గలేదు.

ఆఫీసరమ్మ పేజీలు వెనక్కి తిప్పింది. పద్నాలుగు ఆదేశాలు, పద్నాలుగు సంతకాలు. ప్రతి పేజీ చివరా ఎర్ర సిరాతో ఒక అంకె. పదకొండు, పన్నెండు, పదకొండు, పదమూడు, పన్నెండు.

"ఇవేం కొలతలు?"

"కొలతలు కాదండీ. ఆ సీజను చివర మనం నిలిచిన స్థానం."

మధ్యలో ఒక పేజీ మీద సంతకం లేదు. 'చిన్న సారు. ఏమీ మార్చమనలేదు. అరవై ఎనిమిదే.' కింద ఎర్రగా, అయిదు.

ఈసారి అడిగింది ఓనరు. "అయిదా? ఎప్పుడు?"

"మీ ఫ్యాక్టరీలో సమ్మె జరిగిన ఏడండీ. కోచ్‌ని కొనడానికి మీకు తీరిక దొరకలేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి అందరూ కష్టపడ్డారు.

మూడు పాయింట్లు పోయాయి. మఫ్లరు సారు ఆరు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూడలేక ఓనరు ఆయన్ని ఇంటికే పంపించాడు, మిగిలిన ఒప్పందం జీతంతో సహా. మైదానం మనిషి తప్పేమీ లేదని ఆఫీసరమ్మ రాసి వెళ్ళింది గనుక, సోమవారం బాబాయ్‌ను రావద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పొద్దున్నే వచ్చి, చిన్న సారు తాడు అటు కొస పట్టుకోగా, గీతలు మళ్ళీ అరవై ఎనిమిదికి జరిపాడు. కొత్త యంత్రం రాలేదు.

ఓనరు ఏమీ నేర్చుకోలేదంటే అబద్ధం. ఒకటి నేర్చుకున్నాడు. ఈ గొడవంతటికీ కారణం టేపు అని నేర్చుకున్నాడు. అందుకని ఇంకో కోచ్‌తో పాటు కొలతల నిపుణుడు ఒకడిని తెప్పించాడు. నల్ల కోటు, మూడు కాళ్ళ స్టాండు, ఎర్ర కాంతి విసిరే పరికరం. ఆయన ఒక్క పూట ఫీజుతో గడ్డి యంత్రం వచ్చేదని మేనేజరే తర్వాత నోరు జారాడు.

నిపుణుడు స్టాండు నిలబెట్టి, ఒక కన్ను మూసి, కాంతి విసిరాడు. ఓనరు, మేనేజరు, కొత్త కోచ్ చుట్టూ మూగారు. అంకె వెలిగింది. అరవై ఎనిమిది, చుక్క, రెండు సున్నాలు.

"ఇంకోసారి చూడండి," అన్నాడు టేపు బాబాయ్.

నిపుణుడు విసుక్కుంటూ ఇంకోసారి విసిరాడు. అదే అంకె.

బాబాయ్ తలూపాడు. "బావుందండీ మీ పరికరం. సరిగ్గానే చూపిస్తోంది," అని, యంత్రం బెల్టుకు కొత్త తీగ కట్టుకోవడానికి మెట్ల కింది గదికి నడిచాడు.